మింగిందా... ఊపిరిలోకి పోయిందా?
ఎక్స్‌రేకు దొరకని ప్లాస్టిక్ ముక్కతో జాగ్రత్త

బళ్లారి: కనకదుర్గమ్మ సిడిబండి నాడు బొమ్మల అంగళ్ల ముందు నిలబడితే కళ్లు చెదురుతాయి. ఈలలు, గిలకలు, చక్రాల కార్లు, పాటలు పాడే ఫోన్లు. పదికో ఇరవైకో బేరమాడి కొంటాం. సాయంత్రానికి కారు చక్రం ఊడుతుంది. మర్నాటికి ఈలలోని గింజ బయటికొస్తుంది. ఊడిన ముక్క ఎక్కడ పడిందో వెతికేవాళ్లు ఎందరు? నేల మీద పాకే బిడ్డ మాత్రం వెతక్కుండానే పట్టేస్తుంది. దొరికిందల్లా నోట్లోకే.

2017లో ఏలూరులో చిరుతిండి పొట్లంలో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ గొంతులో ఇరుక్కుని నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ వార్త చదివినవాళ్లంతా అయ్యో అన్నారు. అయితే ముక్క నోట్లోకి పోయాక ఏం చేయాలన్నది ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు.

రెండు దారులు

గొంతు దిగితే దారులు రెండు. ఒకటి అన్నం వెళ్లేది, ఇంకొకటి గాలి వెళ్లేది. ప్లాస్టిక్ ముక్క ఏ దారి పట్టిందన్నదే ముందు చూసుకోవాలి.

అన్నం దారిలో వెళ్లి కడుపులోకి చేరితే సాధారణంగా గండం గడిచినట్టే. ఇలా మింగిన వస్తువుల్లో నూటికి 80 నుంచి 90 వాటంతటవే మలంలో బయటికొచ్చేస్తాయి. నునుపైన చిన్న ముక్కకు నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. కానీ ముక్క రెండు, రెండున్నర సెంటీమీటర్ల కంటే వెడల్పున్నా, అయిదారు సెంటీమీటర్ల కంటే పొడవున్నా, కొన సూదిగా ఉన్నా ఆగి చూడకూడదు. బిడ్డ చొంగ కారుస్తూ అన్నం వద్దంటుంటే అది దారిలోనే ఇరుక్కుందని అనుమానించాలి. కడుపునొప్పి, వాంతులు, జ్వరం, మలంలో నెత్తురు కనిపిస్తే రాత్రయినా సరే, ఆస్పత్రికి పోవాల్సిందే.

గాలి దారి సంగతి వేరు. ఆడుకుంటున్న బిడ్డకు ఉన్నట్టుండి దగ్గు తెర వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. అసలు మోసం ఇక్కడే! ముక్క కిందికి జారి ఒక పక్క ఊపిరితిత్తిలో కూర్చుంటే కొన్నాళ్లు ఏమీ తెలియదు. తర్వాత పిల్లికూతలు, తగ్గని దగ్గు, మళ్లీ మళ్లీ నిమ్ము. ఉబ్బసమని, జలుబని వారాల తరబడి సిరప్పులు తాగించేవాళ్లున్నారు. ఆ మొదటి దగ్గు తెర గురించి డాక్టరుకు చెప్తే సగం జబ్బు పట్టిచ్చినట్టే.

ఫిలిమ్ బాగుందంటే...

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అని ఇంటికొచ్చేయడం మరో పొరపాటు. నాణెం, గుండుసూది, గుండ్రటి బ్యాటరీ ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ చాలామటుకు కనిపించదు. అందుకే ‘మింగింది ప్లాస్టిక్’ అని విడమరిచి చెప్పాలి. అలాంటి ముక్కే ఇంకోటి ఇంట్లో ఉంటే, లేదా విరిగిన బొమ్మ ఉంటే, సంచిలో వేసుకుని వెళ్లండి. సైజు ఎంత, అంచు ఎలా ఉందన్నది డాక్టరు చూడగానే తెలుసుకుంటారు. అవసరమైతే గొట్టం దించి చూసి తీస్తారు. అదే బొమ్మలో గుండ్రటి బ్యాటరీ కూడా కనపడకపోతే ఒక్క నిమిషం ఆగొద్దు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది.

అరటిపండు, అన్నం ముద్ద, ఆముదం... ఇవి మన పెద్దవాళ్ల వైద్యం. ప్రేమతోనే పెడతారు, కాదనలేం. కానీ ఇరుక్కున్న ముక్క మీద ముద్ద పడితే ఇంకా బిగుస్తుంది. పైగా మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. వాంతి చేయించడమూ తప్పే, పైకొచ్చిన ముక్క గాలి దారిలో పడొచ్చు. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది మరింత లోపలికి పోతుంది.

బిడ్డ దగ్గగలిగితే దగ్గనివ్వాలి. దగ్గు, ఏడుపు రెండూ రాక నీలం తిరుగుతుంటే మాత్రం క్షణం ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డనైతే తల కిందికుండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో అయిదు దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అయిదుసార్లు నొక్కాలి. పెద్ద పిల్లలకు వీపు మీద అయిదు దెబ్బలు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ముక్క వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

అవ్వా తాతల మాత్రలు

ఇది పిల్లల గొడవే అనుకోవద్దు. మందుల అంగట్లో నాలుగు మాత్రలడిగితే స్ట్రిప్పును కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు. చూపు తగ్గిన అవ్వ ఆ ముక్కను రేకుతో సహా నోట్లో వేసుకుని నీళ్లు తాగేస్తుంది. కత్తిరించిన మూలలు బ్లేడులాంటివి. పేగుకు చిల్లు పడి ఆపరేషన్ దాకా వెళ్లిన సంగతులు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. చాలామందికి తాము రేకు మింగినట్టే గుర్తుండదు. మాత్రను ఇంట్లోవాళ్లే విప్పి గిన్నెలో పెట్టి ఇస్తే సరి, ఖర్చు లేని పని.

కొనేటప్పుడు...

2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయింది. జాతరలో ఎన్ని బొమ్మల మీద ఆ ముద్ర ఉందో ఒకసారి తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఒక కొలత ఉంది. సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పట్టే ముక్క ఏదైనా ఆ వయసుకు ప్రమాదమే. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గుళ్లు ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వద్దు. అవి పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఎక్స్‌రేకూ దొరకవు.

ఆస్పత్రిలో ఏమని చెప్పాలి?

తరాలుగా ఇక్కడున్నవాళ్లం, ఈ భాష రాక కాదు. కంగారులో నోటికొచ్చేది ఇంటి మాటే. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉన్నప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసి ఫోను దగ్గర అంటించుకోండి. కన్నడంలో ‘మగు ప్లాస్టిక్ నుంగిదె’, ఊపిరాడకపోతే ‘ఉసిరాడోకె ఆగ్తిల్ల’. హోసూరు వైపు తమిళంలో ‘పిళ్ళై ప్లాస్టిక్ ముళుంగిడుచ్చు’, ‘మూచ్చు విడ ముడియలే’. బరంపురం, రాయగడల్లో ఒడియాలో ‘పిలా ప్లాస్టిక్ గిళి దేఇఛి’. సరిహద్దుకు అటైనా ఇటైనా అంబులెన్సు నంబరు మాత్రం ఒకటే, 108.