ముల్లు మధ్యకొస్తే సరిపోతుందా?

నిజాంసాగర్ డ్యామ్ 1931లో పూర్తయింది. లోపలే లైట్ మీటర్ ఉన్న మొదటి కెమెరా, జైస్ వాళ్ల కాంటాఫ్లెక్స్, 1935లో వచ్చింది. అంటే మంజీర మీద ఆ కట్ట లేస్తున్నప్పుడు ఫోటోలు తీసినవాళ్లు వెలుగును కంటి అంచనాతోనో, విడి మీటర్‌తోనో లెక్కేసుకోవాల్సిందే.

మనకు ఆ బాధ లేదు. సీనియర్ల దగ్గరో, ఇంట్లో బీరువాలోనో దొరికే పెంటాక్స్ కె1000 లాంటి కెమెరాలో మీటర్ ఉంటుంది. వ్యూఫైండర్‌లో ముల్లు మధ్యకొచ్చేదాకా తిప్పి నొక్కేస్తాం. అయినా కొన్ని ఫ్రేములు చెడిపోతాయి. ఎందుకు?

లెన్స్ గుండా వచ్చిన వెలుగు సీడీఎస్ సెల్ మీద పడితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, ముల్లు కదులుతుంది. అంతే! ఎదురుగా ఉన్నది తెల్లదో నల్లదో దానికి తెలీదు. ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క చెప్తుంది.

బోధన్ వైపు చెరకు తోట తీస్తే పెద్దగా ఇబ్బంది రాదు, ఆ పచ్చదనం ఇంచుమించు ఆ మధ్యరకమే. అదే చక్కెర కుప్ప తీశారనుకోండి, "వెలుగు ఎక్కువుంది, తగ్గించు" అంటుంది. మాట వింటే చక్కెర బూడిదలా వస్తుంది. అక్కడ ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచాలి. దున్నిన నల్లరేగడికి ఉల్టా: ఒక స్టాపు తగ్గించాలి.

అసలు నష్టం మనుషుల దగ్గర. సున్నమేసిన గోడ ముందు తెల్ల ధోతి, తెల్ల రుమాలుతో తాత కూర్చున్నాడు. కె1000 మీటర్ ఫ్రేమ్ మొత్తాన్ని కలిపి చూస్తుంది కాబట్టి ఆ తెలుపుకే లొంగిపోతుంది. గోడ బూడిదవుతుంది, తాత మొహం చీకటవుతుంది. నెగెటివ్ మీద వెలుగు పడని చోట వివరమే ఉండదు, తర్వాత స్కానర్ కూడా తీసుకురాలేదు.

మందు సులువే. దగ్గరికెళ్లి, మీ నీడ పడకుండా, ఫ్రేమ్ నిండా మొహమే ఉంచి రీడింగ్ తీసుకోండి. వెనక్కొచ్చి అవే సెట్టింగులతో నొక్కండి. ముల్లు ఎటు పోయినా పట్టించుకోవద్దు.

బ్యాటరీ మీద అనుమానమొస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్షించండి: ఐఎస్ఓ 100 ఫిల్మ్‌కి ఎఫ్/16 దగ్గర 1/125 సెకను చుట్టుపక్కల చూపాలి. రోల్‌కి ఉన్నవి 36 ఫ్రేములే, డిలీట్ బటన్ లేదు. మీటర్ చెప్పింది వినండి, కానీ అది దేన్ని చూసి చెప్తోందో ముందు మీరు చూడండి.