సర్వీసు తర్వాత డిగ్రీ: మాజీ సైనికులు, అగ్నివీరులు ముందుగా తెలుసుకోవాల్సినవి

సైన్యం, నౌకాదళం, వాయుసేనలో పనిచేసి వచ్చినవారిలో చాలామంది పదో తరగతితోనో ఇంటర్‌తోనో సర్వీసులో చేరినవారే. ఇంటికి వచ్చాక చదువు కొనసాగించాలని ఉంటుంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, చేతిలో ఉన్న సర్టిఫికెట్లు దేనికి పనికొస్తాయో సరిగ్గా తెలియక ఒకటి రెండేళ్లు పోతాయి. కొందరికి డబ్బు కూడా పోతుంది. అందుకే ఈ వివరాలు. చదివి, మీ బ్యాచ్ మిత్రులకూ పంపండి.

1. నా దగ్గర గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఉంది. మళ్లీ డిగ్రీ ఎందుకు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పదో తరగతి పాసై, 15 ఏళ్లకు తగ్గకుండా సర్వీసు చేసినవారికి డిశ్చార్జి సమయంలో గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల పునర్నియామకానికి 1979లో నిబంధనలు వచ్చాయి. ఈ సర్టిఫికెట్ విలువ వాటి నుంచే వస్తుంది. కేంద్ర కొలువుల్లో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం మాజీ సైనికులకు రిజర్వు. అలాంటి రిజర్వుడు పోస్టుకు డిగ్రీ అడిగితే, సాంకేతిక అనుభవం తప్పనిసరి కానిచోట, ఈ సర్టిఫికెట్‌తో అప్లై చేసుకోవచ్చు.

అంతవరకే. ఇది యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ కాదు. దీనితో ఎంఏ, ఎంబీఏ, బీఈడీ, ఎల్ఎల్‌బీల్లో సీటు రాదు. సివిల్స్ పరీక్షకూ యూనివర్సిటీ డిగ్రీయే కావాలి. ఉదాహరణకు, టెన్త్‌తో చేరి 17 ఏళ్లు చేసి వచ్చిన హవల్దార్ ఒకరు గ్రూప్ సి రిజర్వుడు పోస్టుకు ఈ కాగితంతో అప్లై చేయొచ్చు. ఆయనే టీచర్ కావాలనుకుని బీఈడీకి వెళ్తే మాత్రం ఈ కాగితం చెల్లదు. ఆయన ముందు ఇంటర్, తర్వాత డిగ్రీ పూర్తి చేయాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకైతే ఆ నోటిఫికేషన్‌లో విద్యార్హత గురించి ఏం రాశారో విడిగా చూసుకోండి.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీకు కావాల్సింది ఉద్యోగమా, పై చదువా? గ్రూప్ సి ఉద్యోగమే చాలనుకుంటే డిగ్రీ కోసం ఆగనక్కర్లేదు. పై చదువు కావాలంటే ఈ సర్టిఫికెట్ మీద ఆధారపడొద్దు.

2. నేను టెన్త్ మాత్రమే. నేరుగా డిగ్రీలో చేరవచ్చా?

ఇంటర్ చేయకుండా డిగ్రీ ఇప్పిస్తామంటే వినకండి. ముందు ఇంటర్ పూర్తి చేయండి. టెన్త్, ఇంటర్, మూడేళ్ల డిగ్రీ అనే వరస తప్పితే తర్వాత ఇబ్బంది వస్తుంది. ముఖ్యంగా లా కోర్సులో చేరేటప్పుడు ఈ వరస ఉందా లేదా అని చూస్తారు.

ఇంటర్ కోసం రోజూ కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, తెలంగాణలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా తెలుగు మీడియంలోనే చేయొచ్చు. కేంద్ర స్థాయిలో జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. అందులో ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాల్సిన పని లేదు.

3. డిగ్రీ ఎక్కడ చేయాలి?

ఇంటి బాధ్యతలు, మరో ఉద్యోగం ఉన్నవారికి దూరవిద్య అనుకూలం. మన దగ్గర రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి.

ఇగ్నో: 1985లో ఏర్పడిన కేంద్ర ఓపెన్ యూనివర్సిటీ. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. జనవరి, జూలై సెషన్లకు అడ్మిషన్లు జరుగుతాయి. మూడేళ్ల బీఏను ఆరేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో ఉంటాయి. అసైన్‌మెంట్లు ఇవ్వకుండా పరీక్ష ఒక్కటే రాస్తే కోర్సు పూర్తి కాదు.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం: 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. తెలుగు మీడియంలో పుస్తకాలు ఉండటం ఇక్కడ పెద్ద సౌకర్యం.

దూరవిద్య డిగ్రీకి విలువ ఉండదన్న భయం వద్దు. యూజీసీ గుర్తించిన సంస్థ నుంచి, గుర్తించిన కోర్సులో వచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబర్‌లో మరోసారి స్పష్టం చేసింది. అయితే ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా వంటివి దూరవిద్యలో చేయడానికి వీల్లేదు. ఎవరైనా చేయిస్తామంటే అది మోసమని గుర్తించండి.

4. అగ్నివీరుల సంగతేంటి?

2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరిన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతాయి. 25 శాతం వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో బయటికి వస్తారు. పింఛను ఉండదు. పథకం నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా రాదు. పైన చెప్పిన 15 ఏళ్ల గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ వీరికి వర్తించదు. అందుకే అగ్నివీరులకు చదువు మరింత ముఖ్యం.

వీరి కోసం 2022 జూన్‌లో రెండు ఏర్పాట్లు ప్రకటించారు. ఒకటి, టెన్త్‌తో చేరినవారు ఎన్‌ఐఓఎస్ ద్వారా 12వ తరగతి పూర్తి చేయడం. రెండోది, ఇగ్నో ద్వారా మూడేళ్ల నైపుణ్య డిగ్రీ. ఇందులో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే ఇస్తారు. మిగతా సగం భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం, కామర్స్, టూరిజం వంటి సబ్జెక్టులు చదివి సంపాదించాలి. మొదటి ఏడాది పూర్తయితే సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ.

ఇది దానంతట అదే రాదు. పేరు నమోదు చేసుకోవాలి, పరీక్ష రాయాలి. మీ అబ్బాయో అమ్మాయో ఇప్పుడు అగ్నివీర్‌గా ఉంటే, ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: "చదువుకు రిజిస్ట్రేషన్ అయిందా? నంబరు వచ్చిందా?"

5. సర్వీసులో ఉండగానే చేసుకోవాల్సిన పని

టెన్త్ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సర్వీసు రికార్డుతో, ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకోండి. రికార్డులో తప్పుంటే యూనిట్ ఆఫీసు ద్వారా సరిచేయించుకోవడం తేలిక. డిశ్చార్జి అయ్యాక రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ తిరగాలి. చివరి దశలో ఇచ్చే పునరావాస శిక్షణ కోర్సు ఉంటే వదులుకోకండి. కానీ అది డిగ్రీకి బదులు కాదు.

6. అడ్మిషన్‌కు దగ్గర పెట్టుకోవాల్సినవి

- టెన్త్, ఇంటర్ మెమోలు
- వేరే బోర్డులో చదివి ఉంటే మైగ్రేషన్ సర్టిఫికెట్
- ఆధార్, ఫొటో, సంతకం స్కాన్
- డిశ్చార్జి బుక్, మాజీ సైనికుల గుర్తింపు కార్డు
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు (ఫీజు రాయితీ అడిగేవారికి)
- డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ

7. పుస్తకం పట్టి పదిహేనేళ్లయింది. చదవగలనా?

చదవగలరు. కానీ అడ్మిషన్‌కు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. రోజూ గంట చాలు. మొదటి నెల తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రోజూ ఒక పేజీ చదివి, అందులోని విషయం పది వాక్యాల్లో మీ సొంత మాటల్లో రాయండి. దూరవిద్యలో మార్కులు రాతకే వస్తాయి. రెండో నెల ఇంగ్లిష్, లెక్కల పునాది చూసుకోండి. మూడో నెల మీరు తీసుకోబోయే సబ్జెక్టు మొదటి పుస్తకం తెరవండి. ఇగ్నో పుస్తకాలు ఈజ్ఞానకోశ్‌లో, కేంద్ర ప్రభుత్వ కోర్సులు స్వయం పోర్టల్‌లో, తెలంగాణ టీ-శాట్ పాఠాలు ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

8. స్కాలర్‌షిప్ వస్తుందా?

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు మాత్రమే. మాజీ సైనికుడికి స్వయంగా రాదు. ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు ఇస్తారు. ప్రవేశ అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా వర్తిస్తుందేమో చూడండి.

జాగ్రత్త: "ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ", "పాత తేదీతో సర్టిఫికెట్" అని చెప్పే ఏజెంట్లకు డబ్బు కట్టకండి. రేపు ఉద్యోగంలో వెరిఫికేషన్ జరిగితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. ఫీజు ఎప్పుడూ యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి, రసీదు దాచుకోండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో చూడండి. అనుమానం ఉంటే డిశ్చార్జి బుక్, మెమోలు పట్టుకుని మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. డబ్బు కట్టాక కాదు, కట్టకముందే వెళ్లండి.