మిరప ముడతకు మందు కొట్టే ముందు ఓ పాత మైక్రోస్కోపు లెన్సు

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు చూసుకోవాల్సినవి

మిరపలో చిగురాకు ముడిచింది. మందుల కొట్టుకు వెళ్తే ముడత మందని ఓ డబ్బా చేతిలో పెడతారు. వారానికి తగ్గకపోతే ఇంకో డబ్బా. అప్పటికి అప్పు పెరుగుతుంది గానీ ముడత పోదు. తప్పు మందుది కాకపోవచ్చు. ఆకును ముడిచింది ఎవరో తెలుసుకోకుండానే కొట్టాం, అదీ సంగతి.

తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుస్తాయి. తెల్లనల్లి పడితే ఆకు తిరగేసిన పడవలా కిందికి ముడుస్తుంది, కాడ సాగుతుంది. ఇది మీకు తెలిసిందే. కానీ రెండూ ఒకే మొక్క మీద ఉన్నప్పుడు పెద్ద రైతు కూడా తికమకపడతాడు. నల్లి అసలు పురుగు జాతి కాదు, సాలీడుకు చుట్టం. పెద్దదైన నల్లికి 8 కాళ్లు, తామర పురుగుకు 6 కాళ్లు. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. పైగా కొన్ని మందులు నల్లిని తినే మిత్ర పురుగులను చంపి, దాన్ని ఇంకా పెంచుతాయి.

తామర పురుగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. కళ్లు బాగున్నవాళ్లకు కనిపిస్తుంది. తెల్లనల్లి అందులో అయిదో వంతు. అది కంటికి ఆనదు. అక్కడే లెన్సు అవసరం.

2021లో ఏం జరిగిందో గుర్తుందా?

ఆ ఏడాది గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప పూలలో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన జాతి ఇది. పాత తామర పురుగు ఆకుల మీద ఎక్కువ, ఇది పూలలో గుంపుగా చేరుతుంది. చాలామంది అలవాటైన మందులే మళ్లీ మళ్లీ కొట్టి, తోటలే పీకేశారు. జాతి ఫలానా అని తేల్చాల్సింది శాస్త్రవేత్తే. కానీ పువ్వు లోపల ఏముందో దగ్గరగా ఫొటో తీసి పంపగలిగితే సలహా తొందరగా వస్తుంది. మామూలు సెల్‌ఫోనుతో తీసిన ఫొటోను పెద్దది చేస్తే మసకే మిగులుతుంది.

ముందు చవక దారి

కంసాలి కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం కొనండి. ఫోను లెన్సుకు ఆనించి, ఆకు అడుగుభాగాన్ని ఎండలో చూడండి. సగం పని దీంతోనే అవుతుంది. నల్లి కాళ్లు, గుడ్లు స్పష్టంగా ఫొటోలో రావాలంటే మాత్రం మైక్రోస్కోపు కింద ఉండే చిన్న గొట్టం లెన్సు కావాలి. దాన్నే ఆబ్జెక్టివ్ అంటారు. మీ ఊరి ఫొటో స్టూడియో అబ్బాయి పెళ్లిళ్లకు వాడే పెద్ద కెమెరాకు దీన్ని బిగించవచ్చు.

పాతవి ఎందుకు దొరుకుతున్నాయి?

ఆబ్జెక్టివ్‌లలో రెండు రకాలు. పాత రకం మీద 160 అని ఉంటుంది. కొత్త రకం మీద ఎనిమిది అంకెను పడుకోబెట్టినట్టు గుర్తు ఉంటుంది. 1990ల నుంచి పెద్ద కంపెనీలు కొత్త రకానికి మారాయి. నికాన్ 1996లో పూర్తి కొత్త వరస తెచ్చింది. ఈ రెండు రకాలూ ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. రక్తకణాలు లెక్కించే యంత్రాలు వచ్చాక ల్యాబుల్లో మైక్రోస్కోపు పనీ తగ్గింది. అందుకే 160 రకం మూలన పడుతోంది. మనకు కావాల్సింది అదే. 160 రకం తానే బొమ్మను కెమెరా మీద పడేస్తుంది. పడుకున్న ఎనిమిది రకానికి మధ్యలో ఇంకో లెన్సు కావాలి, ఖర్చు పెరుగుతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?

మనూళ్ల నుంచి రోగులను తీసుకుని పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్లేవాళ్లు చాలామందే. పంజాగుట్ట, అమీర్‌పేట, బంజారా హిల్స్ చుట్టూ ఆస్పత్రులు, రక్తపరీక్షల ల్యాబులు ఎక్కువ. ల్యాబు మూసేవాళ్లు, యంత్రం మార్చేవాళ్లు అక్కడ తగులుతారు. రిపోర్టు కోసం కూర్చున్న పూట ఆ ల్యాబువాళ్లనే అడిగి చూడండి. కోఠి వైపు ల్యాబు సామాను దుకాణాల్లో కొత్తవాటి ధర కనుక్కోవచ్చు. ఇమ్లీబన్ బస్టాండు దగ్గర మెట్రో ఎక్కితే అదే ఎర్ర లైను మీద పంజాగుట్ట, అమీర్‌పేట వస్తాయి. ముందు కొత్తదాని ధర తెలుసుకుని, తర్వాతే పాతదానికి బేరం ఆడాలి. కొత్తదానిలో సగం మించి పెట్టకపోవడం మంచిది.

ఏ నంబరు కొనాలి?

4ఎక్స్ కొనండి. దాని మీద 4/0.10 అని ఉంటుంది. లెన్సుకూ ఆకుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంటుంది కాబట్టి వెలుగు పడుతుంది. స్టూడియో కెమెరాలో కందిగింజంత మేర నిండుగా కనిపిస్తుంది. నల్లి కాళ్లు లెక్కపెట్టడానికి ఇది చాలు. పని అలవాటయ్యాక 10ఎక్స్ (10/0.25) చూడవచ్చు. 40ఎక్స్, 100ఎక్స్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 40ఎక్స్‌లో సాధారణంగా ఆకుకూ లెన్సుకూ మధ్య ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, వెలుగు పోదు. 100ఎక్స్ నూనె చుక్క వేసి చూసేది.

చేతిలోకి తీసుకున్నాక...

* వెనక నుంచి వెలుగు వైపు పెట్టి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే బూజు పట్టినట్టే. అది లోపలుంటే తుడిస్తే పోదు.
* పాలపొరలా మసక, అంచున ఇంద్రధనుస్సు రంగులు, బుడగలు ఉంటే లోపలి అద్దాల మధ్య జిగురు ఊడింది. వదిలేయండి.
* ముందు అద్దాన్ని భూతద్దంతో చూడండి. గీతలు, ఎండిన నూనె మరకలు కనిపెట్టండి.
* పీహెచ్ అని అక్షరాలుంటే లోపల నల్లటి వలయం ఉంటుంది. మన పనికి నప్పదు.
* బిగించే మర దెబ్బతినకూడదు. ఈ మర చాలా కంపెనీలకు ఒకటే కొలత: అడ్డం 20.32 మిల్లీమీటర్లు, అంగుళానికి 36 చుట్లు.
* దినపత్రిక మీది అక్షరాన్ని ఫొటో తీయించండి. నడిమధ్య పదునుగా రావాలి. అంచుల్లో కాస్త రంగు కనిపిస్తే బెంగ లేదు, కాళ్లు లెక్కపెట్టడానికి అది అడ్డం కాదు.

నేనూ ఒకసారి మోసపోయాను. సాయంత్రం చీకటి పడ్డాక, దుకాణం ట్యూబులైటు కింద చూసి కొన్నాను. ఇంటికొచ్చి మర్నాడు ఎండలో చూస్తే లోపలంతా బూజే. తిరిగి తీసుకోమంటే చీటీ ఏదన్నారు. చీటీ అడగని తప్పు నాదే. పగలు చూడండి, చీటీ రాయించుకోండి, రెండు రోజుల్లో బాగాలేకపోతే వాపసు తీసుకుంటామని దాని మీదే రాయించండి.

ఇంకో మాట. కాలేజీ పేరో, సర్కారు ఆస్పత్రి పేరో చెక్కి ఉంటే వేలం కాగితం చూపించమనండి. కాగితం లేకపోతే ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసి కొనడం నేరం.

బిగించే పద్ధతి

లెన్సు ఆనుకునే అంచు నుంచి బొమ్మ పడే చోటికి 150 మిల్లీమీటర్లు ఉండాలి. స్టూడియోల్లో కనిపించే కెనాన్, నికాన్ అద్దాల కెమెరాల్లో మూతి నుంచి లోపలికి 44 నుంచి 46.5 మిల్లీమీటర్ల దూరం ముందే ఉంది. కాబట్టి మధ్యలో సుమారు 105 మిల్లీమీటర్ల గొట్టం పెట్టాలి. కెమెరా దుకాణాల్లో గొట్టాల సెట్టు దొరుకుతుంది. ఆబ్జెక్టివ్ బిగించే రింగును కొలత చెబితే లేతు పని చేసేవాళ్లు తిప్పి ఇస్తారు. గొట్టం లోపల మెరవని నల్లరంగు వేయాలి.

దీనికి ఫోకస్ తిప్పే మర ఉండదు. ఆకునే వెంట్రుకవాసి ముందుకు, వెనక్కు జరపాలి. ఒక్కసారికి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమే స్పష్టంగా వస్తుంది. అందుకే కొద్దికొద్దిగా జరుపుతూ అయిదారు ఫొటోలు తీయాలి. చేత్తో నొక్కితే అదురుతుంది, టైమరు పెట్టండి. టార్చిలైటుకు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెడితే వెలుగు మెత్తగా పడుతుంది.

పొలంలో అయిదు చోట్ల చిగురాకులు, పూలు కోసి అదే పూట చూడండి. ఆకు అడుగున లేత పసుపు గుండ్రటి ప్రాణులు, తెల్లచుక్కల వరసలున్న గుడ్లు కనిపిస్తే తెల్లనల్లి. సన్నగా పొడుగ్గా, రెక్కల అంచున కుచ్చు ఉంటే తామర పురుగు. ఆ ఫొటోను మీ మండల వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించి మందు అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉచితం.

అమ్మేటప్పుడు

కొన్నవాళ్లు రేపు అమ్మాల్సి రావచ్చు. లెన్సు విప్పకండి, విప్పితే విలువ పోతుంది. దుమ్మును గాలి కొట్టి పోగొట్టి, లెన్సు కాగితంతో మెల్లగా తుడవండి. పంచె కొంగుతో తుడవద్దు. మీద ఉన్న అంకెలు కనిపించేలా ఫొటో తీసి, దాంతో తీసిన బొమ్మ కూడా చూపిస్తే బేరం తొందరగా కుదురుతుంది. లోపం ఉంటే ముందే చెప్పండి. బియ్యం డబ్బాలో దాచకండి, దుమ్ము పడుతుంది. తేమ పీల్చే సిలికా పొట్లం వేసి మూత గట్టి డబ్బాలో పెట్టండి.

ల్యాబు నుంచి వచ్చిన లెన్సు మీద రక్తమో, కఫమో అంటి ఉండవచ్చు. కొన్న వెంటనే చేతికి తొడుగు వేసుకుని, బయటి లోహాన్ని స్పిరిట్ దూదితో తుడవండి. పిల్లల చేతికి ఇవ్వకండి.

ఎకరం, అరెకరం ఉన్న రైతు ఒక్కడే కొనక్కర్లేదు. నలుగురు కలిసి ఒకటి కొని స్టూడియోలో ఉంచుకోండి. లెన్సు పురుగును చంపదు. కానీ ఏ పురుగో చెబుతుంది. అనవసరంగా కొట్టబోయే ఒక్క మందు ఆగినా, ఆ డబ్బు మీ జేబులోనే ఉంటుంది.