రంగుల పొందిక

వింజమూరులో బస్సులు నిలుచు చోట గోడలకు నంటించిన ప్రకటనాపత్రముల నొకమారు పరికింపుడు. అంటించిన నాడు కుంకుమవలె మెఱసిన కాగితము వేసవి గడచునప్పటికి నీలపు బూదిరంగునకు దిగియుండును. అచ్చుయంత్రము వాడు సిరాలు సాధారణముగా నాలుగు: ఆకాశనీలము, గులాబియెఱుపు, పసుపు, నలుపు. వీనిలో నెఱుపును పసుపును ఎండకు ముందుగా వెలసిపోవును. నీలమును నలుపును వానికంటె నెక్కువకాలము నిలుచును. టీకాలు వేయు దినమునో, నీరు కాచి త్రాగవలెనను హెచ్చరికనో ఎఱుపుతోనే వ్రాసి విడిచినయెడల, చదువవలసినవాడు వచ్చుసరికి నచట అక్షరములే యుండకపోవచ్చును. మన విద్యార్థులు అట్టలమీదను కంప్యూటరు తెఱలమీదను ప్రకటనలు కూర్చుచున్నారు గనుక ఈ విషయమును గూర్చి కొంత వ్రాయ నుద్దేశించితిమి.

రంగు ననగా మన మామూలుగా దాని పేరునే తలంతుము: ఎఱుపు, పచ్చ, నీలము. కాని కన్ను అక్షరమును నేలనుండి వేఱుపఱచుకొనుట పేరునుబట్టి కాదు, వెలుగునుబట్టి. పసుపు సహజముగా వెలుగుగల రంగు. నీలము చీకటిగల రంగు. మన రైలుస్టేషనుల పేరు పలకలు పసుపునేలపై నల్లని యక్షరములతో నుండుట యెల్లరు నెఱిగినదే. కదలు బండిలోనుండి సయితము వానిని చదువగలము. తెఱలమీది వ్రాతకు ఈ వెలుగుభేదమును లెక్కగట్టు పద్ధతి యొకటి నేడు కలదు. తెలుపునకును నలుపునకును గల భేదము 21 రెట్లు. సామాన్యపు వ్రాతకు 4.5 రెట్లయిన నుండవలెనని నియమము. నిండు పసుపు తెల్లనినేలపై 1.07 రెట్లు మాత్రమే, అనగా లేనట్లే. అదియే నల్లనినేలపై 19 రెట్లు దాటును. ఎఱుపు, పచ్చ చూచుటకు బద్ధవిరోధులవలె నున్నను, తెఱపై వాని నిండు రంగుల భేదము 3 రెట్లయినను లేదు. లెక్క తెలియనివారు కన్నులు సగము మూసి చూడవచ్చును. లేదా చేతిఫోనుతో ఛాయాపటము తీసి దానిని నలుపుతెలుపులకు మార్చి చూడవచ్చును. అపుడును అక్షరము కనబడినచో రంగు లెట్టివైనను చెల్లును.

రంగు ఒంటరిగా నుండదు, ప్రక్కదానినిబట్టి మాఱుచుండును. పారిసు నగరమందలి గోబెలాఁ తివాచీల కార్మికశాలలో షెవ్రేలు అను రసాయనశాస్త్రజ్ఞుడు అద్దకపు పనికి అధికారిగా నుండెను. నల్లని యున్నికి పస లేదని, నీలపు ఊదా వస్త్రముల మడతలలో నది వెలవెలబోవుచున్నదని ఆయనకు ఫిర్యాదు వచ్చినది. ఆయన ఇతర కార్మికశాలల నల్లయున్నిని దెప్పించి పోల్చి చూడగా తమ యద్దకమునందు లోపమేమియు గానరాలేదు. దోషము ప్రక్కనున్న నీలముదే! ఈ యెఱుకయే పెరిగి 1839లో గొప్పగ్రంథమైనది. ఒకే బూడిదరంగు కాగితపు ముక్కను ఎఱ్ఱ యట్టపై నొకటి, పచ్చయట్టపై నొకటి యుంచి చూచిన బాలురకు ఈ వింత క్షణములో తెలియును.

ఇంత దూరమేల? మనకు దక్షిణమున నున్న శ్రీకాళహస్తిలో కలంకారి పనివారు ఈ చిక్కును తరతరములుగా చక్కజేయుచున్నారు. వారు గుడ్డను కరకకాయరసమునందును పాలయందును ముంచి యారవేయుదురు. పాలలోని కొవ్వువలన రంగు ప్రాకిపోదు. ఇనుపముక్కలను బెల్లముతో నానబెట్టి పులియించిన నీటితో బొమ్మల యంచులను ముందుగా గీయుదురు. ఆ యినుము కరకకాయ వగరుతో గలిసి నల్లనగును. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి వేళ్లరంగులో నుడికింతురు. పిమ్మట పసుపు, తుదకు నీలము. పసుపుపై నీలము పడినచోట పచ్చ పుట్టును. చూడుడు, రంగులు నాలుగైదే. కరకకాయ పసుపుచాయ అన్నిటి క్రిందను ప్రాకియుండుటచే నవి యొకయింటి బిడ్డలవలె పొందియుండును. నల్లని యంచు అడ్డుండుటచే ఒకటి మఱియొకదానిని చెఱుపదు. పెట్టెలోని పండ్రెండు రంగులను వాడకున్న బొమ్మకు లోటని తలంచు మన చిన్నవారు ఈ గుడ్డ నొకటి తెచ్చుకొని యెదుట బెట్టుకొనవలెనని మా యభిప్రాయము.

రెండు బలమైన రంగుల నడుమ తెలుపుండుటయు నట్టి యుపాయమే. పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడయందు గాంధీగారికి జూపిన పతాకమున ఎఱుపు, పచ్చ మాత్రమే యుండెను. ఇతర మతస్థులకు గుర్తుగా తెలుపును చేర్చుడని గాంధీగారు కోరిరి. కంటికొఱకు గాకపోయినను అది కంటికిని మేలే యయ్యెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ యంగీకరించిన పతాకమున ముదురు నీలపు చక్రము ఆ తెలుపుమీదనే స్పష్టముగా నిలిచినది.

తల్లిదండ్రులును ఉపాధ్యాయులును గమనింపవలసిన దింకొకటి. ఎఱుపు పచ్చల భేదము సరిగా దెలియని కన్నులు కొందఱికి పుట్టుకతోనే యుండును. ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మంది యిట్టివారు. స్త్రీలలో రెండువందల కొకరు. జాన్ డాల్టను అను శాస్త్రజ్ఞుడు తన కన్నులే యట్టివని 1794లో ప్రకటించెను. పటములో ఎఱ్ఱగీత నదియో, పచ్చగీత దారియో చూపుమన్నపుడు తడబడు పిల్లవానిని శ్రద్ధలేనివా డనుటకు ముందు ఈ సంగతి తలంపవలెను. అట్టి పటము గీయువారు ఒక గీతను నిండుగాను, రెండవదానిని చుక్కలుగాను గీసి, ప్రక్కనే పేరు వ్రాసినచో ఆ పిల్లవాడును తక్కినవారితో సమముగా చదువుకొనగలడు.