టర్బో పోయిందంటే నమ్మకుండ్రి, ముందుగాల చూడుండ్రి

మా దిక్కు ఏ ఊర్లెకు పోయినా రెండు మూడు సెకండ్ హ్యాండ్ డీజిల్ కార్లు కనవడ్తయి. ఎక్కువ మటుకు స్విఫ్ట్, డిజైర్. 2020 ఏప్రిల్ సంది మారుతి కంపెనీ డీజిల్ కార్లు చేసుడు బందు పెట్టింది. అంటే ఇప్పుడు రోడ్ల మీద తిరిగే ఆ డీజిల్ బండ్లన్నీ పాతయే. డిగ్రీ చేసి నౌకరి దొరకని పిల్లలు ఫైనాన్స్ మీద తీసుకొని కిరాయిలకు తిప్పుతున్నరు. బండి ఆగితే కిస్తీ ఆగుతది, కిస్తీ ఆగితే ఫైనాన్సోడు ఇంటికొస్తడు.

వీళ్ల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒక్కటే: "అన్నా, పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగ కొట్టంగ స్టార్ట్ అయితున్నది, రోడ్డెక్కినంక గుంజుతలేదు." గ్యారేజీకి పోతే బానెట్ లేపకముందే తీర్పు వస్తది, టర్బో పోయిందని. వేలకు వేలు పెట్టి టర్బో మార్పిస్తరు. తెల్లారి మళ్ల అదే కథ.

అసలు టర్బో చేసే పనేంది? ఇంజిన్ల కాలినంక బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతది. అదే ఇరుసుకు ఇంకో కొసకున్న చక్రం బయటి గాలిని గుంజి, ఒత్తి, ఇంజిన్లకు నూకుతది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలుతది, బలం పెరుగుతది. గంతే. మరి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ నిమిషానికి రెండు మూడు వందల చుట్లే తిరుగుతది. పొగే లేనప్పుడు టర్బో ఏం తిరుగుతది, ఏం నూకుతది? బండి స్టార్ట్ అయ్యేదాంట్ల టర్బోకు పాత్రే లేదు. కావట్టి స్టార్టింగ్ కష్టం, పికప్ లేకపోవుడు రెండూ ఒక్కసారే మొదలైతే, ఆ రెండింటికీ సంబంధమున్న జాగల ముందు ఎతకాలె. అది డీజిల్ వచ్చే తొవ్వ.

దానికన్న ముందు ఒక నిమిషం బ్యాటరీకి ఇయ్యుండ్రి. సెల్ఫ్ మెల్లగ మూలుగుకుంట తిరుగుతుందా, జోరుగ తిరుగుతుందా? మెల్లగైతే మీటర్ పెట్టి చూడుండ్రి. ఊకె ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలె, సెల్ఫ్ కొట్టంగ 10 కంటే బాగ కిందికి పోవద్దు. పోతే బ్యాటరీనో, తుప్పువట్టిన ఎర్త్ తీగనో చూసుకోవాలె. జోరుగ తిరిగి గూడ అంటుకోకపోతే, కథ డీజిల్‌ది.

కామన్ రైల్ ఇంజిన్‌ల ఒక ఉక్కు గొట్టం ఉంటది, దాంట్ల డీజిల్ ఒత్తిడి మీద ఉంటది. స్టార్ట్ కావాలంటే సుమారు 200 బార్లన్న లేవాలె, లేకుంటే కంప్యూటర్ ఇంజెక్టర్లనే తెరవది. బండి జోరుగ పోయేటప్పుడు అదే ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతది. ఇప్పుడు ఫిల్టర్ మూసుకపోయిందనుకో, పొద్దుగాల ఒత్తిడి ఆలస్యంగ లేస్తది, ఎత్తు ఎక్కేటప్పుడు కావల్సినంత డీజిల్ అందది. ఒక్క ఫిల్టరే రెండు రోగాలు తెస్తది. మన దగ్గర ట్రాక్టర్ కోసం డ్రమ్ముల నిల్వ పెట్టిన డీజిల్‌ను కార్ల పోసే అలవాటున్నది. డ్రమ్ములకు దుమ్ము పోతది, నీళ్లు పోతయి. ఫిల్టర్ కింద నీళ్లు ఇడిచే మర ఉంటే, ఇప్పి సీసల పట్టి చూడుండ్రి.

రాత్రంత ఆగినంకనే కష్టమై, పగలు మంచిగ స్టార్ట్ అయితుంటే పైపు జాయింట్ల గాలి గుంజుతుందేమో చూడాలె. ఎండకాలం మిట్టమధ్యాహ్నం గూడ స్టార్ట్ కాకుంటే హీటర్ ప్లగ్గుల మీద అనుమానం పెట్టుకోకుండ్రి, అవి చలికి పనికొచ్చేటియి. ఇంజిన్ వేడిగున్నప్పుడే సతాయిస్తే ఇంజెక్టర్లు అరిగినయేమో. డీజిల్ వేడికి పల్చబడి ఎనకకు కారిపోతది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసలు కట్టి, ఏది ఎక్కువ కారిందో చూసే పద్ధతున్నది. అది మెకానిక్‌తోనే చేపియ్యుండ్రి. ఇంజిన్ నడుస్తుంటే రైల్ పైపు ఇప్పొద్దు, చెయ్యి అడ్డం పెట్టి కారుతుందా అని చూడనే వద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూది లెక్క తోలుల దిగుతది, చెయ్యే పోతది. సెల్ఫ్ అందుకుంటలేదని గాలి గొట్టంల ఈథర్ స్ప్రే కొట్టుడు గూడ బందు చెయ్యాలె. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్ల అది పేలుడు లెక్క.

డీజిల్ తొవ్వ మంచిగనే ఉన్నదనుకుందాం, ఇంక గుంజుతలేదు. అప్పుడు పొగ చూడుండ్రి. నల్లపొగ కక్కుతుంటే డీజిల్‌కు తగ్గ గాలి అందుతలేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ చూసి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టాలు తడుముండ్రి. పగులు దగ్గర నూనె తడి ఉంటది, రేస్ చేస్తే బుస్సుమంటది. కొట్టంల పెట్టిన బండికైతే ఎలుకలు సన్న వ్యాక్యూమ్ పైపులు కొరుకుతయి. టర్బోను అదుపుజేసే పైపు తెగితే టర్బో బతికుండి గూడ పనిచెయ్యది. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుసుకొని ఉండిపోతే పొగే మళ్ల ఇంజిన్లకు పోతది. డీజిల్ కాకుండ రెండు రోగాలనూ తెచ్చేది ఇదొకటి, దీన్ని కడిగితే సాలు.

పొగ లేకుండ బండి ఒక వేగం దాటకపోయి, తాళం తీసి మళ్ల పెడితే బాగైతే, కంప్యూటరే బలాన్ని తగ్గించిందని లెక్క. ఫోన్‌కు కలిపే బ్లూటూత్ స్కానర్ ఒక్కటి నలుగురు దోస్తులు కలిసి కొనుక్కున్నా నడుస్తది. పీ0087 అంటే రైల్ ఒత్తిడి తక్కువ, పీ0299 అంటే బూస్ట్ తక్కువ. ఇక్కడనే మోసం జరుగుతది. పీ0299 చూపిచ్చి "కంప్యూటరే టర్బో పోయిందన్నది" అంటరు. కాదు, గాలి ఒత్తిడి తక్కువున్నదనే అన్నది. పగిలిన గొట్టానికి గూడ అదే కోడ్ వస్తది.

టర్బో నిజంగ పోతే గుర్తులుంటయి: సైరన్ లెక్క కూత, నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గుడు. గొట్టం ఇప్పి ఇరుసును వేలితో కదిలిస్తే పక్కలకు కొంచెం ఊగుడు మామూలే. ముందుకు ఎనకకు జరిగితే, రెక్కలు గోడకు రాసుకుంటే పోయినట్టే. మార్చే ముందు అది ఎందుకు పోయిందో అడుగుండ్రి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఇరుసు అది, సన్నటి నూనె పొర మీదనే బతుకుతది. నూనె పైపు మూసుకపోయి ఉంటే కొత్త టర్బో గూడ అదే తొవ్వ పడ్తది.

మెకానిక్‌ను తిట్టుడు నా పని కాదు, ఆయన గూడ చూసి నేర్చుకున్నోడే. ఆయనకు కంపెనీలు పుస్తకాలియ్యవు, పరికరాలియ్యవు. అసలు విడిభాగాలను బయట దొరకనియ్యలేదని 2014 ఆగస్టుల పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల పైచిలుకు జరిమానా ఏసింది, కంపెనీలు అప్పీళ్లకు పోయినయి. 2022 డిసెంబర్ల కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది, దాంట్ల బండ్లు గూడ ఉన్నయి. మీ బండి కంపెనీ అండ్ల ఏమేం పెట్టిందో ఒకసారి తెరిచి చూడుండ్రి. గ్యారేజీల టర్బో మాట వస్తే మాత్రం రైల్ ఒత్తిడెంత, బూస్ట్ ఎంత అని అంకెలు చూపియ్యమనుండ్రి, మార్చిన పాత సామాను మీ చేతికి ఇయ్యమనుండ్రి.