ఒకే తోలు, రెండు మర్యాదలు

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్తే, దారి పొడవునా బొమ్మ గీసిన చేతుల చరిత్రే. హిందూపురం దగ్గర లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు వర్ణచిత్రాలున్నాయి. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పెనుకొండలో విజయనగర రాజుల అధికారులు. ధర్మవరంలో పట్టు మగ్గాలు. ఆ మండలంలోనే నిమ్మలకుంట. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన కళకు ఆధారం మేక తోలు.

తోలు ముట్టుకున్నందుకే తరతరాలుగా ఊరవతల నిలబడ్డ వాళ్లం మనం. అందుకే ఈ కళను తోలు వైపు నుంచి చూడాలనుకుంటున్నాం.

నిమ్మలకుంట కళాకారుల పూర్వీకులు బొమ్మల పెట్టె మోసుకుని ఊరూరా తిరిగిన సంచార కుటుంబాలు. ఇళ్లలో ఇప్పటికీ మరాఠీ యాస వినిపిస్తుంది. బొమ్మ పని మొదలయ్యేది రంగులతో కాదు. ముందు పచ్చితోలును నీళ్లలో నానబెట్టాలి. వెంట్రుకలు, కండ గీకేయాలి. లాగి కట్టి ఎండబెట్టాలి. చెప్పుల తోలులా తంగేడు చెక్కతో పదును చేయరు. అలా చేస్తే తోలు రంగు తిరిగి వెలుతురు దాటదు. బొమ్మ తోలు పలచగా, దీపం వెలుగు ఇవతలికి వచ్చేలా ఉండాలి.

ఆ తర్వాతే గీత. నల్ల సిరాతో రూపురేఖలు గీసి, ఉలులతో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ రంధ్రాలే హారాలు, కిరీటాలు, చీర అంచులై మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేస్తారు. తల, భుజాలు, మోచేతులు విడిగా కోసి దారంతో కుడతారు, ఆడించడానికి వెదురు బద్దలు కడతారు. లేపాక్షి పైకప్పు మీది కోల కళ్లు, పక్కకు తిరిగిన ముఖాలు, నగల పనితనం ఈ బొమ్మల్లోనూ కనబడతాయి. గుడి బొమ్మకు గోడ కావాలి. తోలుబొమ్మ పెట్టెలో పట్టి, గుడి లేని ఊరికీ వెళ్లింది.

సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా ఆడే ఆటలు తగ్గాయి. అదే తోలుతో దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు లేపాక్షి అనే పేరు పెట్టారు. అంటే తోలు మీద రాముణ్ని గీస్తే అది కళ, జాతి సంపద. ఈ గౌరవం న్యాయమైనదే. బిచ్చగాళ్లలా చూసిన సంచార కుటుంబాలకు అది ఆలస్యంగా దక్కింది.

మరి అదే మేక తోలును చెక్క చట్రానికి బిగించి మంట మీద కాస్తే ఏమవుతుంది? డప్పు అవుతుంది. మన సీమలో పలక అనీ, తప్పెట అనీ అంటాం. తోలు ఎంత పలచగా ఉండాలి, ఎంత సెగ తగలాలి, ఏ మోతకు ఎంత బిగువు కావాలి అన్నది చేత్తో తెలుసుకునే విద్య. కానీ దాన్ని కళ అనలేదు, కులవృత్తి అన్నారు. చావుకూ జాతరకూ వెట్టిగా కొట్టించుకున్నారు. ఇవాళ మన రాష్ట్రంలో డప్పు కళాకారులకు, చెప్పులు కుట్టే చర్మకారులకు పింఛను ఉంది. అది అవసరమే. అయితే పింఛను ముసలితనాన్ని చూస్తుంది. చేతిలోని విద్యను చూడదు.

తోలు పని ఎంత ప్రమాదమో 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చూశాం. చచ్చిన ఆవు తోలు వలిచినందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. తోలు వలిచే చెయ్యి నేరస్థురాలు, తోలు మీది బొమ్మ దేవుడు. ఈ రెండింటి మధ్య ఉన్నది కులమే.

మార్పు లేదని అనం. 1994లో మొదలైన మాదిగ దండోరా డప్పును ఆత్మగౌరవ గుర్తుగా మార్చింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, 2025లో తమిళనాడు పరై వాద్యకారుడు వేలు ఆశాన్‌కు పద్మశ్రీ ప్రకటించారు. అలాగే డప్పు తయారీనీ హస్తకళగా గుర్తించాలి. శిక్షణ కేంద్రాల్లో బొమ్మ తోలుతో పాటు పలక తోలు తయారీనీ నేర్పాలి. చేసినవాళ్లకు పేరూ ధరా దక్కాలి.

ఇంకో మాట. తోలుబొమ్మలవాళ్లు ఆడేది ఎక్కువగా రామాయణ, భారత కథలు. రామాయణం ఆడితే జాంబవంతుడు రాక తప్పదు. అక్కడ ఆయన రాముడి సైన్యంలో ఒక ముసలి భల్లూకం. మన జాంబ పురాణంలో ఆయన భూమి కంటే ముందు పుట్టిన మూలపురుషుడు. పెట్టెలో ఆ బొమ్మ ఇప్పటికే ఉంది. ఆయన కథను మన వైపు నుంచి ఒక్క రాత్రి తెర మీద ఆడించమని నిమ్మలకుంట కళాకారులను కోరుతున్నాం. పక్కన పలక మేం కొడతాం.