క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న ప్రశ్నలు

మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, పాత క్యాలెండర్‌లో ఒక నెల చింపి, వెనక తెల్లటి వైపున పదకొండు ప్రశ్నలు రాసుకుంది. ఆ కాగితం రెండు నెలలుగా వంటింట్లో పోపులపెట్టె కింద మడిచి ఉంది. అక్కకు 44 ఏళ్లు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 118 కిలోలు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే మంచిదని డాక్టర్ చెప్పారు. అప్పటినుంచి అటా ఇటా అని ఊగుతూనే ఉంది.

అడిగితే కాగితం చేతికిచ్చింది. పసుపు మరకల మధ్య నీలం ఇంకు. ‘మత్తు ఇచ్చాక లేవకపోతే?’ ‘కుట్లు ఊడితే?’ ‘జుట్టంతా రాలుతుందట, నిజమేనా?’ ‘మళ్లీ లావైతే?’ ఏడో ప్రశ్న మాత్రం రాసి కొట్టేసింది. గీతల కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి: ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది అంటారేమో.’

నేను దానితోనే మొదలుపెడతాను. నా లెక్కన మిగతా పదింటికీ బరువు వచ్చింది దానివల్లే.

ఆకలి మనం రమ్మంటే వచ్చి పొమ్మంటే పోయేది కాదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావాల బృందం ముఖ్యంగా జీర్ణాశయంలో తయారయ్యే ఒక హార్మోన్‌ను కనిపెట్టింది. దాని పేరు గ్రెలిన్. భోజనం వేళకు రక్తంలో పెరిగి మెదడుకు ‘తిను’ అని కబురు పంపుతుంది, తిన్నాక తగ్గుతుంది. మరి తిండి తగ్గించి బరువు తగ్గితే ఈ కబురు మారుతుందా? ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాలు చాలా తక్కువ క్యాలరీల ఆహారం మీద ఉంచి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం బరువు తగ్గింది, కానీ గ్రెలిన్ పెరిగింది. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గాయి. ఏడాది తర్వాత పరీక్షించినా అవి మామూలు స్థాయికి రాలేదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత చూస్తే, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. అంటే ఒక పూట భోజనమంత. ఆ పూట మానేసినా వాళ్లు బరువు తగ్గరు, ఉన్నచోట ఉంటారు, అంతే.

అక్క నాలుగుసార్లు పదేసి కిలోలు తగ్గింది. నాలుగుసార్లూ పదిహేనేసి పెరిగింది. ప్రతిసారీ తనని తానే తిట్టుకుంది. ఇన్నేళ్లూ ఆమె పోరాడింది తన ఒంట్లోని ఒక గట్టి ఏర్పాటుతో అని ఎవరూ చెప్పలేదు. కరువుల్లో మనిషిని బతికించిన ఏర్పాటే అది.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. పొట్ట చిన్నదవుతుంది, తక్కువ తింటారు, అందుకే తగ్గుతారు అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. అరటిపండు ఆకారంలో ఒక గొట్టం మిగులుతుంది. అందులో పట్టేది చిన్న టీ గ్లాసుడు, 100 నుంచి 150 మిల్లీలీటర్లు. తీసేసే భాగంలో పైనున్న గుండ్రటి వంపు కూడా పోతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. అంటే ఆకలి కబురు పంపే చోటే తగ్గిపోతుంది.

బైపాస్ పద్ధతి ఇంకా పాతది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. ఇప్పుడు చేసే తీరులో పైన కోడిగుడ్డు కంటే చిన్న సంచి మిగిల్చి, దానికి చిన్నపేగును కొంచెం కిందనుంచి తెచ్చి కలుపుతారు. తిన్నది జీర్ణాశయంలో పెద్ద భాగాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తప్పించుకుని పోతుంది. ఈ ఆపరేషన్ చేసిన వాల్టర్ పోరీస్ అనే సర్జన్ ఒక వింత గమనించి 1995లో ప్రచురించారు. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, షుగర్ మామూలైపోయింది. ఆహారం పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై, ఇన్సులిన్‌ను మరింతగా ఊరేలా చేస్తాయని తర్వాత తేలింది. అయితే అందరికీ షుగర్ పోదు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ వేసుకుంటున్నవాళ్లకు అవకాశం తక్కువ. కొందరికి పోయి కొన్నేళ్లకు తిరిగొస్తుంది.

ఇక ప్రాణభయం. అమెరికాలో పది ఆసుపత్రుల్లో 4,776 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన 30 రోజుల్లో చనిపోయినవాళ్లు 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. రెండోవైపు లెక్క కూడా చూడాలి. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను, అంతే లావుండి చేయించుకోనివాళ్లను ఏళ్ల తరబడి పోల్చారు. 2007లో వచ్చిన ఫలితాల్లో ఆపరేషన్ వైపు మరణాల ముప్పు దాదాపు 29 శాతం తక్కువ. చేయించుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఒక ముప్పు ఉంది. ఇదంతా చెప్పినా, ‘ఆ ముగ్గురిలో నేనుంటే?’ అన్న మాటను ఏ లెక్కా తుడిచేయలేదు. అక్క అలా అడిగినప్పుడు నేనూ మాట్లాడలేకపోయాను. ఆ భయాన్ని పనికొచ్చే ప్రశ్నలుగా మార్చుకోవడమే మన చేతిలో ఉన్నది. సర్జన్ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? కుట్లు వేసిన చోట లీకైతే ఎలా కనిపెడతారు? రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోకుండా ఏం చేస్తారు? ఆపరేషనైన రోజునే లేపి నడిపించేది ఆ గడ్డల భయంతోనే.

నిజానికి అక్క కాగితంలో లేని భయాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. అవి ఆపరేషన్ బల్ల దిగాక మొదలయ్యేవి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు బతికినంత కాలం వేసుకోవాలి. ఒళ్లు తగ్గింది కదా అని రెండో ఏడాది మానేసేవాళ్లున్నారు. రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు, ఎముకల గుల్లతనం మెల్లగా, చప్పుడు లేకుండా వస్తాయి. రోజుల తరబడి వాంతులవుతుంటే ‘అలవాటైపోతుందిలే’ అని ఊరుకోకూడదు. బి1 విటమిన్ పడిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట, పులితేన్పులు పెరుగుతాయి. ముందే అది ఎక్కువగా ఉన్నవాళ్లకు బైపాస్ నయమంటారు. బైపాస్ అయినవాళ్లకు మద్యం చాలా త్వరగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పూ ఉంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. మనసు కుంగుబాటు ఉన్నవాళ్లు ఆ సంగతి దాచకుండా ముందే చెప్పాలి. బరువు తగ్గితే మనసులో బరువు కూడా దిగుతుందన్న హామీ లేదు.

జుట్టు రాలడం నిజమే. మూడో నెల నుంచి కొన్ని నెలలు రాలుతుంది. మాంసకృత్తులు సరిగ్గా అందితే చాలామందికి మళ్లీ వస్తుంది.

మళ్లీ లావైతే అన్నదానికి జవాబు: కొంత పెరగడం మామూలే, మొత్తం వెనక్కి రావడం అరుదు. ఇప్పుడు వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మన దగ్గరా దొరుకుతున్నాయి. అక్క వాటి గురించీ అడిగింది. అవి బాగా పనిచేస్తాయి. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఏది మేలన్నది డబ్బు, షుగర్, వయసు అన్నీ చూసి డాక్టర్‌తో తేల్చుకోవాల్సిందే. ఇన్సూరెన్స్ వాళ్లు బీఎంఐ 40 దాటాలంటారు, లేదా 35 దాటి తీవ్రమైన గుండెజబ్బు, నిద్రలో ఊపిరాగడం, అదుపులో లేని షుగర్ లాంటివి ఉండాలంటారు. అక్కకు 47 దాటింది. అయితే 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు, మన ఆసియావాళ్లకు తక్కువ బరువుకే జబ్బులొస్తాయి కాబట్టి, 27.5 దగ్గరే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చన్నాయి. ఈ రెండు గీతల మధ్య నలిగేవాళ్లు ఎంతమందో.

పోయిన నెల కాగితం పట్టుకుని అక్కతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్లాను. సర్జన్ ఒక్కో ప్రశ్నకూ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఏడోది కొట్టేసి ఉండటం చూసి, "ఇది కూడా అడగండమ్మా" అన్నారు. అక్క అడగలేదు, కళ్లు తుడుచుకుంది. తర్వాత పక్కగదిలో డైటీషియన్ మొదటి నెలల తిండి వివరించింది. రెండు వారాలు పల్చటి మజ్జిగ, పెసరకట్టు లాంటి ద్రవాలు. తర్వాత మెత్తగా రుబ్బినవి. అర గిన్నె తినడానికి అరగంట. చిన్న చెంచాతో, ప్రతి ముద్దా నీళ్లయ్యేదాకా నమిలి. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. అక్క తలూపుతూ వింటోంది.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?"

"నేనే."

"మీరెప్పుడు తింటారు?"

"అందరూ తిన్నాక. మిగిలింది."

డైటీషియన్ పెన్ను పక్కన పెట్టింది. "ఆపరేషన్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా, మీ గిన్నె ముందు తీసి పెట్టుకోండి. వేళకు మీరు తినాలి. తర్వాతే ఎవరికైనా వడ్డించండి."

మిగతా పది ప్రశ్నలకీ నోట్సు రాసుకున్న అక్క, ఈ మాట మాత్రం రాసుకోలేదు. ఆ రాత్రి పప్పు దించగానే చిన్న గిన్నెలోకి రెండు గరిటెలు తీసి మూతపెట్టి పక్కన పెట్టింది. పెద్దమనవడికి వడ్డించడానికి వచ్చిన అత్తగారు ఆ గిన్నె ఎవరిదని అడిగారు.

"నాదే అత్తయ్యా" అంది అక్క.

ఆపరేషన్‌కు తేదీ ఇంకా తీసుకోలేదు.